వెనక గది తలుపు

చెప్పులు గుమ్మం బయటే విడిచి రండి. తలుపు సగమే తీయండి, లేకపోతే మా పిల్లి లడ్డు మీ కాళ్ళ సందులోంచి వీధిలోకి దూరిపోతాడు. పొద్దున్న అయిదు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. ధనుర్మాసం కదా, రామాలయం మైకులో తిరుప్పావై మొదలైపోయింది. ఈ నెలంతా మా పెదవాల్తేరులో సముద్రం వైపు నుంచి చెమ్మగాలి కొడుతూనే ఉంటుంది. అందుకని స్టవ్ మీద ముందు వేణ్ణీళ్ళ గిన్నె ఎక్కుతుంది. కాఫీ ఆ తరవాతే.

ఆ నీళ్ళు ఇంకో పిల్లి గౌరి సెలైనుకి. అవి కాగేలోపు లడ్డు పని చూడాలి.

ఫ్రిజ్ రెండో అరలో రెండు స్టీలు డబ్బాలున్నాయి చూడండి. ఒకదాని మీద ‘అమ్మ’ అనీ, రెండోదాని మీద ‘లడ్డు’ అనీ స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. ఇద్దరికీ షుగరే. అమ్మ వాడే ఇన్సులిన్ మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. లడ్డుది గ్లార్జిన్, మిల్లీలీటరుకి 100 యూనిట్లది, సిరంజికి నారింజ రంగు మూత. ఎర్ర మూత సిరంజిలోకి గ్లార్జిన్‌ని 2 యూనిట్ల గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 5 యూనిట్లు. పోయిన కార్తీకంలో, కరెంటు పోయిన సాయంత్రం, సెల్‌ఫోన్ వెలుతురులో నేను చేసింది సరిగ్గా ఇదే. తొమ్మిదింటికి లడ్డు గోడ పట్టుకు నడిచినట్టు నడిచి, హాలు మధ్యలో పక్కకి ఒరిగిపోయాడు. చిగుళ్ళకి తేనె రాసి, టవల్లో చుట్టి, ఆటో దొరికేదాకా రోడ్డు మీద పరిగెత్తాను. గ్లూకోజు ఎక్కించాక తెల్లవారుజామున తల ఎత్తాడు. ఆ మర్నాడే ఈ రెండు డబ్బాలూ, రెండు పేర్లూ వచ్చాయి. మీ ఇంట్లోనూ మనిషికీ జంతువుకీ ఇన్సులిన్ ఉంటే ఈ మూతల రంగు ఒక్కటి గుర్తుంచుకోండి.

ముందు తిండి, తరవాత సూది. వాడు తినకపోతే డాక్టరుగారికి ఫోను చెయ్యకుండా పూర్తి మోతాదు వెయ్యను. ఇవాళ గిన్నె నాకేశాడు. చెవి అంచున చిన్న పోటు, ఒక్క చుక్క రక్తం, అమ్మ గ్లూకోమీటరులోనే చూడటం. తరవాత వీపు మీద చర్మం చిటికెడు పైకెత్తి, కింద ఏర్పడ్డ గుడారంలోకి సూది. వాడికి తెలియను కూడా తెలియదు. మళ్ళీ సాయంత్రం అయిదున్నరకి ఇంతే.

నీళ్ళు కాగాయి. ఆర్.ఎల్. సెలైను సీసాని గిన్నెలో అయిదు నిమిషాలు ముంచి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూస్తాను, పసిపిల్ల పాలు చూసుకున్నట్టే. గౌరికి పదమూడేళ్ళు. మూత్రపిండాల జబ్బు. ఆ జబ్బులో పిల్లి మనకి చెప్పేవి రెండే: నీళ్ళు ఎక్కువ తాగుతుంది, ఇసుక తొట్టిలో ముద్దలు పెద్దవవుతాయి. ఆ రెండూ కంటబడేసరికే మూత్రపిండాలు చాలా భాగం దెబ్బతిని ఉంటాయి. మేం మూడు నెలలు ‘ఎండలకి తాగుతోంది’ అనుకున్నాం.

మీరు సీసా కాస్త పైకెత్తి పట్టుకోండి. గౌరిని అమ్మ ఒళ్ళో పాత చీర ముక్క మీద పడుకోబెట్టాం. భుజాల మధ్య చర్మం ఎత్తి సూది గుచ్చాక, గొట్టం మీది చిన్న చక్రం వదలాలి. సీసాలో గీతలు చూడండి, 400 దగ్గర మొదలై 300 దగ్గర ఆపాలి. చర్మం కింద ఆ 100 మిల్లీలీటర్లూ కోడిగుడ్డంత ఉబ్బుగా నిలిచి, నెమ్మదిగా ముందుకాలి వైపు జారుతుంది. మధ్యాహ్నానికి ఒంట్లోకి ఇంకిపోతుంది. అమ్మ ఎప్పుడూ దాని గడ్డం కింద గోకుతూ ఉంటుంది. “అయిపోవచ్చిందే తల్లీ, ఇంకో రెండు గీతలు” అంటుంది. తనకి సెలైను పెట్టినప్పుడు నర్సు తనతో అన్న మాటే అది.

ఇప్పుడు చేతులు కడుక్కోండి. మోచేతుల దాకా, సబ్బుతో. వెనక గదిలోకి వెళ్తున్నాం.

ఈ తలుపు మూడేళ్ళుగా ఎప్పుడూ వేసే ఉంటుంది. లోపల ఉండేది కాటుక. దానికి ల్యుకేమియా వైరస్ ఉంది. పిల్లులు పెంచేవాళ్ళం పొట్టిగా ‘ఫెల్వ్’ అంటాం. అది మీకు రాదు, మీ కుక్కకీ రాదు. పిల్లి నుంచి పిల్లికే వస్తుంది. ముఖ్యంగా ఉమ్మి ద్వారా: ఒకే గిన్నెలో తినడం, ఒకదాన్నొకటి నాక్కోవడం, కొరుక్కోవడం. తల్లికి ఉంటే కూనలకి పాలతోనూ వస్తుంది. బయటి గాలిలో ఆ వైరస్ కొన్ని గంటలకు మించి బతకదు, సబ్బు నీళ్ళు చాలు దాన్ని చంపడానికి. అంటే ఈ తలుపూ, విడి గిన్నెలూ, విడి ఇసుక తొట్టీ, మనం ఇప్పుడు కడుక్కున్న చేతులూ మా రక్షణ అంతా. కాటుకకి కూడా ఇదే రక్షణ. దాని ఒంట్లో రోగాన్ని ఎదిరించే బలం తక్కువ. హాల్లో లడ్డుకి వచ్చే చిన్న జలుబు దానికి న్యుమోనియా కావచ్చు.

అసలు ఈ వైరస్ ఉందని లోకానికి తెలిసిందే ఒకే ఇంటి పిల్లుల వల్ల. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఒక ఇంట్లో పెంచుకుంటున్న పిల్లులకి వరసగా లింఫోమా కణితులు వచ్చాయి. కాన్సర్ అంటువ్యాధిలా ఇల్లు పట్టుకుని తిరగడమేమిటని పశువైద్య శాస్త్రవేత్త విలియం జారెట్‌కి అనుమానం వచ్చింది. 1964లో ఆయన బృందం ఆ కణితిలో వైరస్‌ని చూపించింది. ఆ ఇంటివాళ్ళ గురించి నేను తరచు ఆలోచిస్తాను. ఒకటి పోయాక ఒకటి పోతుంటే, కారణం తెలియక, అదే గిన్నెలో తక్కినవాటికి అన్నం పెట్టి ఉంటారు. మాకు కారణం తెలుసు. తలుపు వేసుకునే అదృష్టం ఉంది.

లోపలికి రండి. కిటికీకి దోమతెర, దాని కింద పాత కుట్టుమిషను బల్ల. పొద్దున్నే కాటుక అక్కడ కూర్చుని ప్రహరీ మీది ఉడతల్ని చూస్తూ పళ్ళు టకటకలాడిస్తుంది. ఇవాళ బల్ల ఖాళీగా ఉంది. రాత్రి పెట్టిన గిన్నె పెట్టినట్టే ఉంది.

బీరువా కింద చూడండి. అదుగో.

చెయ్యి పెట్టి లాగకూడదు. నేను నేల మీద పడుకుని, దాని ముఖానికి సూటిగా కాకుండా పక్కకి చూస్తూ పిలుస్తాను. కాసేపటికి వస్తుంది. ఇవాళ రెండు అడుగులు వేసి కూర్చుండిపోయింది. ముందు ఊపిరి లెక్కపెట్టాలి, ముట్టుకోకముందే. డొక్క ఎగిసిపడటం చూస్తూ పదిహేను సెకన్లు, దాన్ని నాలుగుతో గుణించాలి. పదకొండు. అంటే నిమిషానికి 44. నిమ్మళంగా ఉన్న పిల్లికి ముప్పై దాటకూడదు.

ఇప్పుడు దగ్గరికి వంగండి. దాని పెదవిని బొటనవేలితో ఇలా పైకి ఎత్తుతాను. కోరపన్ను పైన చిగురు చూడండి. నల్ల పిల్లి కాబట్టి అక్కడక్కడ మచ్చలుంటాయి, వాటి మధ్య రంగు చూడాలి. ఆరోగ్యంగా ఉంటే అది లేత గులాబీ రంగులో తడిగా మెరుస్తుంది. ఇది లేత కొబ్బరిలా ఉంది. వేలితో నొక్కి వదిలితే తేడాయే తెలియడం లేదు, నొక్కకముందే తెల్లగా ఉంది కాబట్టి. 

గోడకి వేలాడుతున్న నోట్‌బుక్ అందుకోండి. ప్రతి పేజీకీ నాలుగు గళ్ళు: తూకం, తిండి, ఊపిరి, చిగుళ్ళు. పిల్లిని ప్లాస్టిక్ టబ్బులో కూర్చోబెట్టి వంటింటి తూకం మిషను మీద పెడతాం. ఆదివారం 2,860 గ్రాములు. బుధవారం 2,790. ఇవాళ 2,680. అరవై కిలోల మనిషి వారంలో దాదాపు నాలుగు కిలోలు తగ్గినట్టు. చేత్తో ఎత్తుకుంటే ఈ తేడా నాకు తెలిసేది కాదు, వెంట్రుకలు దాచేస్తాయి. పిల్లి తన జబ్బుని దాచుకున్నంతగా మరే పెంపుడు జంతువూ దాచుకోదని నా నమ్మకం. ఈ నాలుగు గళ్ళు లేకపోతే దాని భాష నాకు రాదు.

ఏడింటికి గేటు దగ్గర చేపలమ్మ. బుట్ట దించకముందే అడుగుతుంది.

“ఏటమ్మా, నల్లపిల్ల తిన్నాదా?”

“లేదమ్మా, రాత్రి నుంచి ముట్టలేదు.”

“అయితే నెత్తళ్ళు ఒట్టికెళ్ళు. డబ్బులు రేపిచ్చుకుందువు. వాసనకైనా లేస్తాది.”

పక్కింటి మావయ్యగారు గోడ మీంచి విని, “జ్వరంలా ఉంటే పారాసెటమాల్ అర బిళ్ళ వేసి చూడమ్మా” అంటారు. ఆయనది ప్రేమే. గోడ దగ్గరికి వెళ్ళి చెప్తాను: “వద్దు మావయ్యగారూ, పిల్లి కాలేయం ఆ మందుని విరగ్గొట్టలేదు. ఒక్క బిళ్ళతో ప్రాణం పోతుంది.” ఇది మీరు కూడా పదిమందికి చెప్పండి. మనిషికి జ్వరం తగ్గించే ఆ మందు పిల్లి రక్తాన్ని గోధుమరంగుకి మార్చి, ఆక్సిజన్ మొయ్యకుండా చేస్తుంది. అసలే రక్తం తక్కువైన కాటుకకి అర బిళ్ళే ఎక్కువ.

ఇసుకతోట మీదుగా ఆటో. బుట్ట మీ ఒళ్ళో పెట్టుకోండి, పైన తువ్వాలు కప్పండి. చీకటిగా ఉంటే భయం తగ్గుతుంది. లోపలి నుంచి అరుపు లేదు. అరిచే పిల్లికన్నా అరవని పిల్లితో ప్రయాణం కష్టం.

ఇదే దారిలో మూడేళ్ళ కింద రెండు కూనల్ని తెచ్చాను, కాటుకనీ దాని అన్ననీ. వానలో కారు కింద దొరికాయి. పది నిమిషాల కిట్టు పరీక్షలో రెండింటికీ పాజిటివ్ గీత పడింది. కొన్ని వారాలాగి మళ్ళీ చేయించాం, ఎందుకంటే కొన్ని పిల్లులు ఆ వైరస్‌ని అణిచేయగలవు, మొదటి గీతే తుది మాట కాదు. రెండోసారీ గీత పడింది. ల్యాబ్‌కి పంపిన పీసీఆర్ కూడా అదే చెప్పింది. ఆ రోజుల్లో ఒకచోట “ఎందుకమ్మా డబ్బు దండగ, ఇంజక్షన్ ఇచ్చేద్దాం” అన్నారు. కూనలు రెండూ అప్పుడు నా చున్నీ కొసతో ఆడుకుంటున్నాయి. ఆడుకుంటున్న ప్రాణాన్ని ఒక గీత చూసి చంపమనడం తప్పు. అప్పుడూ అదే అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. బాధ తగ్గించే దారి లేనప్పుడు ఆ ఇంజక్షన్ దయే. అన్నకి ఏడాదిన్నర నిండకుండానే ఛాతీలో కణితి వచ్చింది. ఊపిరాడక మెడ చాచి కూర్చునేవాడు, పడుకోలేకపోయేవాడు. వాడికి ఆ దయ నేనే అడిగాను. కానీ దానికి ముందు ఏడాది పైగా వాడు ఉడతల్ని చూశాడు, నెత్తళ్ళు తిన్నాడు, చెల్లెలి తోక కొరికాడు. ఆ రోజులన్నీ వాడివి.

వైరస్ ఒంట్లో స్థిరపడిపోయిన పిల్లులు చాలావరకు మూడేళ్ళ లోపే పోతాయి. కాటుకకి మూడేళ్ళు దాటి రెండు నెలలైంది.

క్లినిక్‌లో బల్ల చల్లగా ఉంటుంది, తువ్వాలు దాని కింద పరవండి. జ్వరం 103.8. డాక్టరుగారు కాలి నుంచి రక్తం తీసి, సన్నని గాజు గొట్టంలో నింపి, యంత్రంలో గిర్రున తిప్పారు. తీశాక గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూపించారు. కింద ఎర్రగా కణాలు, పైన పసుపు నీరు. ఆ ఎరుపు గొట్టంలో నూటికి ముప్పై వంతులకి పైగా ఉండాలి. 17 ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది ‘వైరస్సే, ఇక అంతే’ అని సంచి సర్దేస్తారు. మా డాక్టరుగారు అలా వదలరు. “వైరస్ ఉన్న పిల్లికి వేరే జబ్బు రాకూడదని రూలేం లేదు కదమ్మా. వెతకాలి” అంటూ ఒక చుక్కని గాజు పలక మీద పులిమి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టారు. పావుగంట ఆయన తల ఎత్తలేదు. తరవాత కుర్చీ జరిపి, “రండి, చూడండి” అన్నారు.

మీరూ చూడండి. కుడి కన్ను ఆనించి, ఎడమ కన్ను మూయండి. లేత ఎరుపు బిళ్ళలు, ఒకదాన్నొకటి రాసుకుంటూ. ఇప్పుడు అంచులు చూడండి. కొన్ని బిళ్ళల చుట్టూ ముగ్గు పెట్టినప్పటి చుక్కల్లా నీలం చుక్కలు. అవే మైకోప్లాస్మా. ఎర్ర కణాల మీదే బతుకుతూ వాటిని నాశనం చేసే సూక్ష్మజీవి. ఒంట్లో ఎదురు లేదని చూసి చెలరేగింది. దీనికి మందుంది. డాక్సీసైక్లిన్, 28 రోజులు.

నా కాళ్ళల్లో బలం అప్పుడు పోయింది, పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. మందుందన్న మాట విన్నాక మనిషికి ఏడుపు వస్తుంది.

“ఇంకా తగ్గితే రక్తం ఎక్కించాలి. బలంగా ఉన్న పిల్లి ఎవరింట్లోనైనా ఉందేమో కనుక్కుని ఉంచండి. గ్రూపు చూడకుండా ఎక్కించేది లేదు” అన్నారు. పిల్లుల్లో ఎ, బి, అరుదుగా ఎబి ఉంటాయి. బి పిల్లికి ఎ రక్తం మొదటిసారి ఎక్కించినా ప్రాణం మీదికి వస్తుంది. లడ్డు షుగరువాడు, గౌరి ముసలిది, వాళ్ళు ఇవ్వలేరు. మావయ్యగారి మనవరాలి ఇంట్లో పెద్ద తెల్లపిల్లి ఉందని గుర్తొచ్చింది. ఆటోలోంచే ఫోను చేశాను. “తీసుకొచ్చేస్తాం అత్తా, ఎప్పుడంటే అప్పుడు” అంది ఆ పిల్ల.

ఇంటికొచ్చాం. బిళ్ళ వెయ్యడం చూడండి, ఇందులో ఒక మెలకువ ఉంది. దాన్ని తువ్వాల్లో మెడ దాకా చుట్టి, తల వెనక్కి వంచితే కింది దవడ దానంతటదే తెరుచుకుంటుంది. బిళ్ళ నాలుక మొదట్లో వేసి నోరు మూసి, గొంతు నిమరాలి. అక్కడితో ఆగకూడదు. డాక్సీసైక్లిన్ బిళ్ళ పిల్లి ఆహారనాళంలో ఇరుక్కుంటే అక్కడే పుండు చేస్తుంది. వెంటనే సిరంజితో 6 మిల్లీలీటర్ల నీళ్ళు, బుగ్గ పక్క నుంచి, కొంచెం కొంచెంగా. మింగింది. ఇంకొంచెం. మింగింది. చాలు, వదిలేద్దాం.

తిండి ఇంకా మిగిలే ఉంది. రోజుల తరబడి తినకపోతే పిల్లి కాలేయానికి కొవ్వు పట్టేస్తుంది, అది వేరే ప్రాణగండం. అమ్మ అప్పటికే నెత్తళ్ళు తలలు గిల్లి, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా ఉడికించింది. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని పగలగొడతాయి. కూరలో చేప తీసి కడిగి పెట్టినా మంచిది కాదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, వెచ్చగా ఉండగానే, అమ్మ వెనక గది గడప మీద కూర్చుంది. మోకాళ్ళ నొప్పితో నేల మీద కూర్చోలేని మనిషి.

మనం ఇక్కడే, తలుపు పక్కన, కదలకుండా నిలబడదాం.

కాటుక ముక్కు కదిలింది. ఒకసారి కళ్ళు మూసింది. అమ్మ చెయ్యి అలాగే చాచి ఉంచింది, పిలవలేదు కూడా. మైకు ఎప్పుడో ఆగిపోయింది. పక్కింట్లో కుక్కరు మూడు కూతలు వేసింది. నాలుగో కూతకి కాటుక లేచి, నడుము ఒకవైపు తూలుతూ వచ్చి, అమ్మ వేళ్ళ కొసని నాకింది. తరవాత ముద్ద అంచు. తరవాత ఒక చిన్న చేపంత.

గిన్నె తూచాను. 14 గ్రాములు తింది. నోట్‌బుక్‌లో రెండో గడిలో రాయండి, మీ చేత్తోనే రాయండి.

సాయంత్రం లడ్డు సూది అయ్యాక మళ్ళీ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను. ఊపిరి 38. చిగుళ్ళు అలాగే ఉన్నాయి, అవి మారడానికి వారాలు పడుతుంది. ఇంకో 22 గ్రాములు తింది. ఇప్పుడు కుట్టుమిషను బల్ల మీదికి ఎక్కలేదు కానీ దాని కాళ్ళ దగ్గర, కిటికీ వైపు తిరిగి పడుకుంది.

మీరు బయల్దేరే ముందు ఇంకొక్కసారి సబ్బుతో చేతులు కడుక్కోండి, ఇంటికెళ్ళి మీ పిల్లిని ఎత్తుకుంటారు కదా. మీ ఇంటికి కొత్త కూన వస్తే, అది ఎంత హుషారుగా ఉన్నా, పాత పిల్లి గిన్నెలో మూతి పెట్టకముందే ఫెల్వ్ పరీక్ష చేయించండి. మన దగ్గర మామూలుగా వేసే మూడు జబ్బుల టీకా దీన్ని ఆపదు. పరీక్షలో గీత పడితే దాన్ని బజార్లో వదలకండి. ఒక గది చూడండి, తలుపు ఉన్నది. ఒక నోట్‌బుక్ కొనండి.